నాన్న కారుకు వారసుడెవరు?

"బీటెక్ చదివావు కదరా, ఏ కారు తీసుకోవాలో నువ్వే చూసిపెట్టు."

ఇంట్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఒకరుంటే చాలు, ఈ మాట ఏదో ఒక రోజు వినాల్సిందే. మీరు చదివింది సివిలా, కంప్యూటర్సా అన్నది ఎవరికీ అక్కర్లేదు. ఫ్యాన్ తిరగకపోయినా, ఫోన్ హ్యాంగైనా, కారు మార్చాలన్నా పిలుపు మీకే. నాకు ఆ పిలుపు కిందటేడాది చివర్లో వచ్చింది.

మాది పరవాడ. ఒక పక్క ఫార్మా సిటీ, ఇంకో పక్క సింహాద్రి థర్మల్ కేంద్రం. లంకెలపాలెం జంక్షన్‌లో హైవే ఎక్కితే అటు గాజువాక, ఇటు అనకాపల్లి. నాన్నది ఫార్మా సిటీలో షిఫ్ట్ డ్యూటీ. 2011 ఫిబ్రవరిలో ఆయన కొన్న వ్యాగన్ ఆరే పదిహేనేళ్లుగా మా ఇంటి బండి. అక్క పెళ్లికి సామాన్లు మోసింది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు దాని మీద వేపకొమ్మ విరిగిపడింది. మర్నాడు కొమ్మ తీసి తాళం తిప్పితే స్టార్టయింది. నన్ను మొదటి ఇంటర్వ్యూకి దించిందీ అదే. అలాంటి బండిని మార్చాలంటే నాన్నకి మనసొప్పలేదు. కానీ సొంత కారు ఆర్సీ గడువు పదిహేనేళ్లే. ఆ తర్వాత నడపాలంటే ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చేయించుకోవాలా, చిన్న ఎస్‌యూవీకి మారాలా? ఇదీ ఇంట్లో చర్చ.

"నాకింకా ఉద్యోగమే రాలేదు, ఈ కార్ల గోల నాకెందుకు?" అనుకోకండి. ఆఫర్ లెటర్ వచ్చాక చాలా ఇళ్లలో మొదలయ్యే మొదటి పెద్ద చర్చ ఇదే. లోన్ పడేది మీ పేరు మీదే. పైగా గజిబిజి అవసరాల్లోంచి ఒక నిర్ణయానికి ఎలా రావాలో ఇంట్లోనే నేర్చుకునే అవకాశం ఇలాంటప్పుడే దొరుకుతుంది.

ముందు పాత కారును చదవండి

నేను మొదట చేసింది తప్పు. బ్రోచర్లన్నీ ముందేసుకుని నలభై వరుసలతో ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, స్పీకర్లు ఎన్ని... నాన్న కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చివరిదాకా చూసి ఒకటే అడిగారు. "బాగుంది గానీ, ఇందులో మీ అమ్మ మోకాళ్ల గురించి ఎక్కడుందిరా?"

లేదు. మా ఇంటి గురించి అందులో ఒక్క వరుసా లేదు.

మా కారు డ్యాష్‌బోర్డు అరలో ఒక పాకెట్ డైరీ ఉంటుంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటర్ రీడింగ్ నాన్న అందులో రాస్తారు. దూరం వెళ్తే ఊరి పేరు కూడా. చిన్నప్పుడు దాన్ని చూసి నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు చూస్తే పదిహేనేళ్ల డేటా! షీట్ మూసేసి ఆ డైరీ తెరిచాను. నెలకు సగటున 800 కి.మీ. తిరిగాం. అందులో ఎక్కువ భాగం డ్యూటీకి, బజారుకి, గుడికి వెళ్లిన పది కిలోమీటర్ల లోపు ప్రయాణాలే. అరకు, రాజమండ్రి లాంటి దూరాలు ఏడాదికి నాలుగైదు సార్లు. అయిదుగురం కలిసి వెళ్లినవి అంతకంటే తక్కువ.

తర్వాత ముగ్గురం కూర్చుని రెండు జాబితాలు రాశాం. ఈ కారులో మనకు నచ్చినవేంటి? పైకప్పు ఎత్తు, అమ్మ తల వంచకుండా, కాలు ఎత్తకుండా కూర్చోగలదు. ఇరుకు సందులో ఇట్టే తిరుగుతుంది. రిపేరు దగ్గర్లోనే అయిపోతుంది. ఇక నచ్చనివి? గాజువాక ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కితొక్కి నాన్న ఎడమ మోకాలు నొప్పి. అన్నిటికంటే ముఖ్యంగా, మాది బేసిక్ మోడల్. ఒక్క ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు.

ఆ లోటు ఏంటో మాకు ఒక వానరాత్రి తెలిసింది. హైవే పక్కన వెనక లైట్లు లేకుండా ఆపిన లారీ ఒకటి దగ్గరికెళ్లేదాకా కనపడలేదు. నాన్న బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి కారు జారింది. లారీకి మూరెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో అక్క, దాని మూడేళ్ల కొడుకు ఉన్నారు. రెన్యువల్ మాట ఇంట్లో ఆ రాత్రితో ఆగిపోయింది.

మీ ఇంట్లోనూ కారు మార్చే మాట వస్తే మొదట ఈ రెండు జాబితాలే రాయండి. పాత కారు ఎందుకు నచ్చిందో తెలిస్తేనే కొత్తదాంట్లో ఏం వెతకాలో తెలుస్తుంది.

నాలుగు మీటర్ల వెనక కథ

మార్కెట్లో చిన్న ఎస్‌యూవీల కొలతలు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. నెక్సాన్, సోనెట్, బ్రెజా... కంపెనీలు వేరు, డిజైన్లు వేరు, పొడవు మాత్రం ఒకటే: 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు సరిగ్గా అయిదు మిల్లీమీటర్లు తక్కువ. ఎందుకు?

కారణం పన్ను. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. ఆ గీత లోపలే పెద్ద బండిలా కనిపించే కారు చేయాలని కంపెనీలు పోటీపడ్డాయి. 2013లో ఎకోస్పోర్ట్, 2016లో విటారా బ్రెజా వచ్చాక ఈ తరగతి ఊపందుకుంది. మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గరి కియా ప్లాంట్‌లో తయారయ్యే సోనెట్ 2020లో ఇదే వరసలో చేరింది.

2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పుల్లోనూ గీత అదే. లోపల ఉంటే 18 శాతం, దాటితే 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతమే. పొడవు ఒక్కటే చూసి మోసపోకండి. బ్రెజా పొడవులో గీత లోపలే ఉన్నా, దాని పెట్రోల్ ఇంజిన్ 1,462 సీసీ. అందుకే అది 40 శాతం కిందికి వెళ్తుంది.

ఇంకో మాట. పేరు ఎస్‌యూవీ అయినా ఈ తరగతి కార్లలో దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. హ్యాచ్‌బ్యాక్‌కి ఎత్తు పెంచి, సీటు పైకి జరిపిన బళ్లనుకోండి. గుంతల రోడ్డు, వాననీళ్లు నిలిచే జంక్షన్, ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ దాకా బాగా పనికొస్తాయి. కొండలెక్కే జీపులు మాత్రం కావు.

టేపు పట్టుకుని వెళ్లండి

మా గేటు ముందు సందు ఇరుకు. పాత వ్యాగన్ ఆర్ వెడల్పు సుమారు ఒకటిన్నర మీటర్. నెక్సాన్‌ది 1,804 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు ఎక్కువ. అద్దాలు ఇందులో కలపలేదు. కాగితం మీద ఇది చిన్న అంకె. మా గేటు దగ్గర మాత్రం రోజూ రెండుసార్లు వెనక్కీ ముందుకీ చేసే తలనొప్పి. పంచ్ వెడల్పు 1,742 మిల్లీమీటర్లు. పొడవులోనూ నాలుగు మీటర్లకు దాదాపు జానెడు తక్కువ. ఎక్స్‌టర్ కూడా ఇంచుమించు ఇదే సైజు. మలుపు తిప్పేచోట పొడవు, వెడల్పు రెండూ కలిసొస్తాయి.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని మనవాళ్ల నమ్మకం. నెక్సాన్‌కి అది 208 మిల్లీమీటర్లు. రోడ్డుకి మంచిదే. కానీ బండి ఎత్తు పెరిగేకొద్దీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడం కష్టం. అందుకే ప్రతి షోరూంకీ అమ్మను తీసుకెళ్లాం. స్టీరింగ్ పట్టుకోకముందే వెనక సీట్లోకి అమ్మ మూడుసార్లు ఎక్కి దిగింది. పంచ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. "ఇది బాగుంది" అని అమ్మ అన్న మొదటి కారు అదే.

స్టార్లు మార్కులు కావు, అర్హత

మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు 1న మొదలయ్యాయి. అంతకుముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించేది. 2018లో నెక్సాన్, 2020లో ఎక్స్‌యూవీ 300, 2021లో పంచ్ అక్కడ పెద్దల రక్షణలో అయిదు స్టార్లు తెచ్చుకున్నాయి. భారత్ ఎన్‌క్యాప్‌లో 64 కిలోమీటర్ల వేగంతో కారును ముందు నుంచి అడ్డంకికి గుద్దిస్తారు. 50 కిలోమీటర్ల వేగంతో పక్క నుంచి ఢీకొట్టిస్తారు. పెద్దల రక్షణకు 32, పిల్లల రక్షణకు 49 పాయింట్లు.

స్టార్లు చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పరీక్ష ఏ ఏడాదిది? నియమాలు కఠినమవుతూ వచ్చాయి కాబట్టి పాత అయిదూ, కొత్త అయిదూ ఒకటి కావు. పిల్లల రక్షణకు ఎన్ని వచ్చాయి? మీరు కొనబోయే వేరియంట్‌లో ఎన్ని ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి?

మా నియమం ఒక్కటే: రేటింగ్ లేని కారు, నాలుగు స్టార్లకు తక్కువైన కారు జాబితాలోకే రాదు. ఎంత అందంగా ఉన్నా సరే. కట్‌ఆఫ్ దాటని అభ్యర్థిని ఇంటర్వ్యూకి పిలవరు కదా, అలాగే.

పెట్రోలా, డీజిలా, కరెంటా?

ఇక్కడ డైరీయే తీర్పు చెప్పింది. నెలకు 800 కిలోమీటర్లే తిరిగితే, లీటరుకు 18 ఇచ్చే కారుకీ 15 ఇచ్చే కారుకీ తేడా తొమ్మిది లీటర్లు. పెట్రోలు 110 రూపాయలనుకుంటే నెలకు వెయ్యి లోపే. మైలేజీ గురించి మనం చేసే గొడవంతా ఈ వెయ్యి కోసమే!

డీజిల్ కారు లక్షన్నర ఎక్కువని, లీటరుకు 20 ఇస్తుందని, డీజిల్ ధర 98 అని అనుకుందాం. నెలకు మిగిలేది 1,950 రూపాయలు. ఆ లక్షన్నర తిరిగి రావడానికి ఆరేళ్లకు పైనే పడుతుంది. ఇంకో చిక్కు ఉంది. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు ఆగకుండా హైవే మీద పరుగెత్తాలి. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఇంటికి తిరిగే బండికి ఆ అవకాశం తక్కువ. ఫిల్టర్ మూసుకుపోయి ఖర్చు మీద పడొచ్చు.

ఎలక్ట్రిక్ కారు మా రోజువారీ తిరుగుడికి నిజంగానే సరిపోతుంది. సొంతిల్లు, రాత్రి చార్జింగ్ పెట్టుకునే వీలు ఉంది. కానీ మొదట కట్టాల్సిన డబ్బు మా బడ్జెట్ దాటింది. అపార్ట్‌మెంట్లో పార్కింగ్ దగ్గర ప్లగ్ లేనివాళ్లు మాత్రం ముందు ఆ సంగతి తేల్చుకుని షోరూంకి వెళ్లండి.

మార్కులు వేద్దాం

అర్హత పరీక్ష అయ్యాక మిగిలినవాటికి వెయిటేజీ ఇచ్చాం. మొత్తం వంద. ఎక్కి దిగే సౌకర్యం 25, నెల ఖర్చు 25, సందులో తిరగడం 20, సర్వీస్ సెంటర్ దగ్గరుండటం 15, డిక్కీ 10, హంగులు 5. ఈ అంకెలు నేను వేయలేదు. అమ్మానాన్నలు బేరమాడి వేశారు.

ఇద్దరు ఫైనలిస్టులను 'పెద్దది', 'చిన్నది' అనుకుందాం. పైన రాసిన వరసలోనే పదేసి మార్కులకు పెద్దదానికి 6, 5, 4, 8, 9, 9 వచ్చాయి. చిన్నదానికి 8, 8, 8, 8, 6, 6. ఊరికే కూడితే 60కి 41, 44. పెద్ద తేడా లేదు. వెయిటేజీతో లెక్కేస్తే 61, 77. ఇప్పుడు తేడా తెలుస్తోంది.

నా మనసు మాత్రం ఇంకా పెద్దదాని మీదే ఉంది. అందుకని చిన్న దొంగ పని చేశాను. హంగులకు 25 ఇచ్చి, ఎక్కి దిగే సౌకర్యానికి 5కి తగ్గించి మళ్లీ లెక్కేశాను. 67, 73. అయినా చిన్నదే గెలిచింది! వెయిటేజీ మార్చినా జవాబు మారకపోతే ఆ నిర్ణయాన్ని నమ్మొచ్చు. మారిపోతుంటే ఇంకోసారి ఆలోచించాలి. క్లాసులో సెన్సిటివిటీ ఎనాలిసిస్ అని చదివి వదిలేసింది నాకు ఆ రోజు అర్థమైంది.

ఈఎంఐ దగ్గర ఆగండి

ఒక షోరూంలో నాకు ఎదురైన మాట: "సార్, మీది సాఫ్ట్‌వేర్ కదా, టాప్ వేరియంట్ తీసుకోండి. ఏడేళ్లకు పెడితే ఈఎంఐ తగ్గిపోతుంది." తగ్గుతుంది, నిజమే. ఎనిమిది లక్షల లోను 9 శాతం వడ్డీకి అయిదేళ్లకైతే నెలకు సుమారు 16,600. ఏడేళ్లకైతే 12,870. కానీ మొత్తం వడ్డీ 1.96 లక్షల నుంచి 2.81 లక్షలకు పెరుగుతుంది. నెలనెలా తేలిగ్గా అనిపించినందుకు అదనంగా కట్టేది 85 వేలు.

డబ్బు ఒక్కటే కాదు. ఉద్యోగం మారాలన్నా, ఆర్నెల్లు ఆగి కొత్త కోర్సు నేర్చుకోవాలన్నా, జీతం తక్కువైనా పని బాగున్న చోటికి వెళ్లాలన్నా ఆ ఈఎంఐ అడ్డొస్తుంది. కెరీర్‌లో తొలి అయిదేళ్లు కదలడానికి వీలుండాల్సిన కాలం. మొదటి జీతం చూసి ఏడేళ్ల అప్పుకు సంతకం పెట్టకండి. మేం టాప్ వేరియంట్ వదిలేసి మధ్యదానికి దిగాం. నాన్న పొదుపు కొంత కలిపాం. లోను అయిదు లక్షలకు దిగింది, అయిదేళ్లకు నెలకు 10,400 లోపే. రెండు నెలలు జీతం రాకపోయినా కట్టగలిగేంత.

కాగితాల దగ్గర కూడా కళ్లు తెరుచుకుని ఉండాలి. ఎక్స్‌షోరూం ధరతో మురిసిపోకండి, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపిన ఆన్‌రోడ్ ధర అడగండి. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి తప్పనిసరి. కానీ షోరూం చెప్పిన కంపెనీ దగ్గరే తీసుకోవాలనే నియమం లేదు. బయట ధరలు కనుక్కుని పోల్చండి. కారు ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. రిటర్న్ వేసేటప్పుడు దాన్ని మీ పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. పాత కారు అమ్మితే ఫారం 29, 30 ఇచ్చి పేరు మారిందో లేదో చివరిదాకా చూసుకోండి. ఆర్సీలో పేరు మీదే ఉంటే రేపు ఆ బండికి ఏం జరిగినా బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది.

టెస్ట్ డ్రైవ్ మీ రోడ్డు మీదే

షోరూం చుట్టూ తిప్పే పది నిమిషాల్లో ఏమీ తెలియదు. మేం నలుగురం ఎక్కి, ఏసీ వేసి, సింహాచలం ఘాట్ ఎక్కించాం. తర్వాత గాజువాక ట్రాఫిక్. నాన్న మోకాలి కోసం క్లచ్ లేని ఏఎంటీ చూశాం. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, మొదట్లో నాన్నకి నచ్చలేదు. యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కడం అలవాటయ్యాక "ఫర్లేదు" అన్నారు. ఆయన నోటి నుంచి ఫర్లేదు అంటే డిస్టింక్షన్ కింద లెక్క.

చివరికి పంచ్ పెట్రోల్ ఏఎంటీ తీసుకున్నాం. మీరూ అదే కొనాలని చెప్పడం లేదు. మీ సందు వెడల్పు వేరు, మీ డైరీ వేరు. ఆరుగురుండే ఇంటికి, నెలకు రెండువేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఇదే పద్ధతిలో వేరే జవాబు వస్తుంది. రావాలి కూడా.

ఇది ఇంటర్వ్యూలో చెప్పొచ్చు

"మీరు డేటా చూసి తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి" అని హెచ్ఆర్ అడిగితే చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు అప్పజెబుతారు. వినేవాళ్లకు అది ఎవరు చేశారో తెలియంది కాదు. దానికంటే ఇంట్లో మీరే నడిపించిన ఒక నిర్ణయం చెప్పండి. కారే కానక్కర్లేదు. ఇన్వర్టర్, చెల్లి కాలేజీ, అద్దె ఇల్లు ఏదైనా సరే. ఎవరి అవసరం ఏంటో అడిగాను, తప్పనిసరివీ ఉంటే బాగుండేవీ విడదీశాను, వెయిటేజీలు వాళ్లతోనే వేయించాను, నాకు నచ్చిన జవాబు ఓడిపోతే ఒప్పుకున్నాను. ఇవి నాలుగూ మీరు నిజంగా చేసి ఉంటే చెప్పేటప్పుడు తడబడరు.

పాత వ్యాగన్ ఆర్ చోడవరంలో పిన్ని కొడుకు దగ్గరికి వెళ్లింది. వాడే రెన్యువల్ చేయించుకుని, బ్రేకులు బాగుచేయించుకుని, ఊళ్లోనే నడుపుతానన్నాడు. ఇచ్చే ముందు రోజు నాన్న దాన్ని కడిగి, తుడిచి, అందులోని డైరీ తీసి బీరువాలో పెట్టారు.

కొత్త కారుకు మొదటిసారి ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు బిల్లు కోసం చెయ్యి చాపారు. "నాన్నా, ఇందులో మైలేజీ స్క్రీన్ మీదే కనిపిస్తుంది" అన్నాను.

"కనిపిస్తే కనిపించనీరా. రేపు నీ కొడుకు కారు మార్చినప్పుడు వాడికి లెక్కలు ఎవరు చెప్తారు?" అంటూ జేబులోంచి కొత్త పాకెట్ డైరీ తీసి, తేదీ వేశారు.